మనస్సాక్షి వాంగ్మూలం: అంతఃపరిశీలన ప్రామాణికత

“నా మనసు నాకు తెలియదా?” అన్న మాటను మనం సాధారణంగా ప్రశ్నగా వాడం, వాదాన్ని ముగించడానికి వాడతాం. ఎవరి మనసుకు వారే ప్రత్యక్షసాక్షి అన్న విశ్వాసం దానికి ఆధారం. ఆ సాక్ష్యం ఎంతవరకు ప్రమాణమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంలో భారతీయ దర్శనాలకు ఏకాభిప్రాయం లేదు. కలిగిన జ్ఞానాన్ని గ్రహించే మానసప్రత్యక్షాన్ని నైయాయికులు అనువ్యవసాయమన్నారు. జ్ఞానం స్వయంప్రకాశమని ప్రాభాకరుల మతం. భాట్టులు మాత్రం జ్ఞానం ప్రత్యక్షం కాదనీ, వస్తువులో కలిగే జ్ఞాతతను బట్టి దానిని అనుమానించాలనీ వాదించారు. అంటే మనసు తనను తాను నేరుగా చూడగలదా అన్న సంశయం మనకు కొత్తది కాదు.

1879లో లైప్జిగ్‌లో ప్రయోగశాల నెలకొల్పిన వుంట్ అంతఃపరిశీలనను ఒక శాస్త్రపద్ధతిగా స్వీకరించాడు. 1913లో వాట్సన్ దానిని తిరస్కరించాడు. 1977లో నిస్బెట్, విల్సన్ ప్రకటించిన వ్యాసం ఈ చర్చను సూక్ష్మం చేసింది. ఒకే రకమైన నాలుగు జతల మేజోళ్ళను వరుసగా పెట్టి మేలైనది ఎంచమంటే, ఎక్కువమంది కుడిచివరి జతను ఎంచారు. కారణమడిగితే స్థానాన్ని ఎవరూ తమంతట తాము పేర్కొనలేదు. వారు అబద్ధమాడలేదు, తమకు తోచిన కారణాన్నే చూసిన కారణంగా భావించారు.

ఉప్పల్ రోడ్డులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. భూగర్భంలోకి ఎవరూ దిగి చూడలేరు కనుక, భూకంప తరంగాలు, గురుత్వ, అయస్కాంత మాపనాల ఆధారంగా శాస్త్రజ్ఞులు లోపలి స్థితిని నిర్ణయిస్తారు. మనసు విషయంలో లోపలే ఒకరు ఉన్నారన్న ధీమా మనది. అయితే ఆ లోపలి వ్యక్తి చూసేవాడే కాదు, వ్యాఖ్యాత కూడా.

ఇది నా అనుభవం కూడా. నాచారంలోని మా ఇంట్లో జవాబుపత్రాలు దిద్దేటప్పుడు విషయానికే మార్కులు వేస్తున్నానని దృఢంగా నమ్మేవాణ్ణి. ఒకసారి మొదటి మార్కులు కప్పి, కొన్ని పత్రాలను మరొకరితో చదివించుకొని వింటూ మళ్ళీ దిద్దాను. గుండ్రని చేతిరాత గల పత్రాలకు మార్కులు తగ్గాయి. గజిబిజి రాతకు పెరిగాయి. రెండుసార్లూ నా మనస్సాక్షి నిర్మలంగానే ఉంది. నష్టం మాత్రం విద్యార్థిది.

నాచారానికి చేరువలోని ఉస్మానియా ప్రాంగణంలో ఒక విద్యార్థి గడిపిన ఒక్క రోజును చైతన్యస్రవంతి శిల్పంలో చిత్రించిన నవల నవీన్ ‘అంపశయ్య’ (1969). అటువంటి రచనలో పాఠకునికి అందేది పాత్ర మనసులో మెదిలే ఆలోచన. ఆ ఆలోచనకు మూలమేదో పాత్రకు తెలిసి తీరాలన్న నియమం లేదు. విమర్శకుడు ఈ భేదాన్ని విస్మరిస్తే పాత్ర ఆత్మసమర్థననే నవల తీర్పుగా పొరబడతాడు. పీఠికలలో, ఆత్మకథలలో రచయితలు చెప్పుకొనే ప్రేరణలకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి “ఏమనిపిస్తోంది” అన్న విషయంలో అంతఃపరిశీలనకు కొంత ప్రామాణ్యం ఉంది. బాధపడుతున్నవాని మాటను కాదనే అధికారం ఇతరులకు సులభంగా దక్కదు. “ఎందుకు” అన్న విషయంలో అది ఒక వాంగ్మూలం మాత్రమే. సాక్షి ఎంత నిజాయితీపరుడైనా అడ్డుప్రశ్నలకు లోబడవలసిందే. ఇతరులపై తీర్పు చెప్పే అధికారమున్న ఉపాధ్యాయునికి, విమర్శకునికి ఇది కేవలం జ్ఞానమీమాంస కాదు, ధర్మం. పేరు, చేతిరాత కనబడని మూల్యాంకన పద్ధతిని అంగీకరించడం ఆత్మగౌరవానికి లోటు కాదు. మనసు పరిమితిని గుర్తించడమే.