రెండు గంటలు పట్టింది వదినా!

ఆమధ్య ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా పెద్దాడపడుచుగారు ఫోను చేశారు. ఎవరిదో పెళ్ళికని మా ఊరొచ్చారట. పన్నెండున్నరకి మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోతారట. ‘తప్పకుండా రండి వదినా’ అని ఫోను పెట్టేసి, మళ్ళీ నా బల్ల దగ్గర కూర్చున్నాను. సీరియల్లో ఒక ప్రకరణం ఆ సాయంత్రానికి పంపాలి. నాయిక రైలుపట్టాల దగ్గర నిలబడి ఉంది. ఆవిణ్ణి ఆ స్థితిలో వదిలేసి కూరలు తరగడానికి మనసొప్పలేదు.

నేను కలం మూసి లేచేసరికి పన్నెండుకి అయిదు నిమిషాలు. ఇక చూసుకోండి! కందిపప్పు, టమాటాలు, పచ్చిమిరపకాయలు కుక్కర్లో పడేశాను. పక్క పొయ్యిమీద అన్నం. నిమ్మకాయంత చింతపండు వేడినీళ్ళలో నానేసి, పులుసు పిండి, ఉల్లిపాయ సన్నగా తరిగి వేసి, కాల్చిన పచ్చిమిరపకాయ, ఉప్పు, చిటికెడు బెల్లం చిదిపి కలిపి, పైన పోపు పెడితే పచ్చిపులుసు అయిపోయింది. మా పక్కింటి వరంగల్లావిడ నేర్పిన విద్య అది. నాలుగు అప్పడాలు వేయించాను. సీసాలోంచి కందిపొడి తీశాను. గడ్డపెరుగు ఉండనే ఉంది. వదినగారు గుమ్మంలో చెప్పులు విప్పేసరికి నేను విస్తరాకులు కడుగుతున్నాను.

ఆవిడ తృప్తిగా తిన్నారు. పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ, ‘పాపం, ఎంతసేపట్నించి అవస్థ పడ్డావే వంటింట్లో?’ అన్నారు.

‘ఎంతో కాదు, ఓ రెండు గంటలు పట్టింది వదినా’ అన్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆవిడ నన్ను నిలదియ్యలేదు. వంట బాగాలేదని వంక పెట్టలేదు. ముప్ఫయి అయిదు నిమిషాల్లో అయిపోయిందని చెబితే కొంపలేమీ మునిగిపోవు. అయినా అబద్ధమాడాను. నవలల్లో అందరి మనసుల్లోకీ దూరి చూస్తానని పేరున్నదాన్ని, నా మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకు వారంరోజులు పట్టింది.

ఆలోచించగా తేలిందేమిటంటే, మనం ప్రేమని గడియారంతో కొలుస్తాం. ‘నీకోసం పొద్దుటినించీ పొయ్యి దగ్గరే ఉన్నాను’ అంటే అది ప్రేమ. ‘చిటికెలో చేసి పెట్టాను’ అంటే వదిలించుకున్నట్టు. చుట్టాలు కూడా అంతే. ‘ఎంత శ్రమ పడ్డావమ్మా’ అన్నదే మెప్పు. ‘ఎంత తేలిగ్గా చేశావమ్మా’ అని ఎవరైనా అంటే మనకి చిన్నతనంగానే ఉంటుంది. అవునా, కాదా? మీరే చెప్పండి.

సరే, గడియారం లెక్కే చూద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు, దేశంలో ఎవరెవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో ఇంటింటికీ వెళ్ళి లెక్క తీశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ! ఆ ఒక్క నిమిషం ఎవరు కూర్చుని కాఫీ తాగారో గానీ! 2024లో మళ్ళీ లెక్కపెడితే ఆడవాళ్ళది 289కి దిగింది. హమ్మయ్య, పది నిమిషాలు మిగిలాయి కదా అనుకునేలోపల మగవాళ్ళ లెక్క చూశాను. అదీ 88కి దిగింది. మనకి పది తగ్గితే వాళ్ళకి తొమ్మిది తగ్గాయి. గడియారమే ప్రేమకి కొలత అయితే, ఈ దేశంలో భార్యలు భర్తలకంటే మూడు రెట్లు ఎక్కువ ప్రేమిస్తున్నారనీ, అయిదేళ్ళలో ఇద్దరి ప్రేమా కాస్త కాస్త తగ్గిందనీ ఒప్పుకోవాలి. మావారికి ఈ మాట చెబితే, ‘నా ప్రేమ తగ్గలేదోయ్, మొదటినించీ అంతే’ అన్నారు.

మా అమ్మ వంట గడియారానికి అందేది కాదు. గ్యాసు రాకముందు వత్తుల స్టవ్వు. ఒక్కటే స్టవ్వు కనక ఒకటి దింపి ఇంకొకటి ఎక్కించాలి. తెల్లవారి మొదలుపెడితే మధ్యాహ్నం దాకా, మళ్ళీ నాలుగింటినించి రాత్రి దాకా. ఆ వంట రుచి ఇప్పటికీ నాలుకమీద ఉంది. కానీ ఇంకో సంగతి కూడా గుర్తుంది. నేను బడినించి వచ్చి, లెక్కల పరీక్షలో తప్పిన సంగతీ, స్నేహితురాలితో పోట్లాడిన సంగతీ అన్నీ అమ్మ వీపుతో చెప్పుకున్నాను. ఆవిడ పొయ్యివైపు తిరిగి ‘ఊఁ... ఊఁ’ అనేది. ఆ వీపు ఇటు తిరిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో! రెండు కూరలు తగ్గించి నాతో పావుగంట కూర్చునుంటే నేనేమీ చిక్కిపోయేదాన్ని కాదు. అలా కూర్చుంటే, చుట్టుపక్కల వాళ్ళు ఆవిణ్ణి బద్ధకస్తురాలనేవారు. అదీ భయం.

పోనీ, ‘ఈ త్వరత్వరగా చేసే వంటలన్నీ ఈ కాలంలో పుట్టినవి, మన పెద్దవాళ్ళు ఎరగరు’ అనుకుందామా? అదీ నిజం కాదు. చద్దన్నంకంటే త్వరగా అయ్యే ఫలహారం ఏ దేశంలో ఉందో చూపించండి! రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి మూత పెడితే, మనం నిద్రపోతూంటే అది తనపాటికి తాను పులిసి, పొద్దున్నకి ఉల్లిపాయతో సిద్ధం. పచ్చిపులుసుకి పులుసు కాచే పనే లేదు. అటుకులు తడిపి నిమ్మకాయ పిండితే పులిహోర. కందిపొడి, కరివేపాకుపొడి, చారుపొడి, చింతకాయ పచ్చడి, ఊరగాయ... ఇవన్నీ ఏమిటనుకున్నారు? వేళకాని వేళలో చుట్టం వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా ఇల్లు గడిచేటట్టు మన ఆడవాళ్ళు దాచుకున్న సమయం అది. డబ్బు బ్యాంకులో దాచినట్టు, వేసవిలో శ్రమ జాడీల్లో దాచారు. ఆవకాయే తీసుకోండి. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టి, ఆవపిండీ కారం ఉప్పూ నూనే కలిపి, మూడోరోజు మళ్ళీ తిరగకలిపేసరికి నడుములు పడిపోతాయి. ఆ మూడురోజుల కష్టం ఏడాది పొడుగునా ఎన్ని పూటల్ని అయిదు నిమిషాల్లో దాటిస్తుందో!

అంటే, త్వరగా అయిన వంట వెనక ఎవరిదో ఒకరి సమయం ఎప్పుడో ఒకప్పుడు ఖర్చయ్యే ఉంటుంది. మనం జాడీ మూత తీసి వడ్డించిన నిమిషాన్నే లెక్కపెడతాం. కుక్కరు కూడా మాయచేసేదేం కాదు. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆగిపోతాయి. కుక్కర్లో ఆవిరి బిగిసి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కనక పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఎవరో బుర్ర పెట్టి ఆలోచించారు, మా అమ్మమ్మలాంటివాళ్ళకి పొగలో కళ్ళు నలుపుకునే బాధ తప్పింది. అందులో సిగ్గుపడాల్సిందేముంది?

ఇంతవరకూ బాగానే ఉంది. నా అబద్ధానికి కారణం లోకం తీరేనని తేల్చేసి, ఈ వ్యాసం ఇక్కడితో ముగించవచ్చు. కానీ మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే, త్వరగా చేసిన వంటకి నిజంగా సిగ్గుపడవలసిన రోజొకటి నా జీవితంలో ఉంది. వదినగారి ఎదుట అబద్ధం రావడానికి అసలు కారణం అదేనేమో.

మా అత్తగారు చివరి రెండేళ్ళూ మా దగ్గరే ఉన్నారు. పళ్ళు లేవు. కట్టుడుపళ్ళు పెట్టుకుంటే నొప్పని తీసి గిన్నెలో వేసేవారు. అప్పుడు నేనొక నవల ముగింపులో ఉన్నాను. మూడురోజులు వరసగా రాత్రిపూట అటుకుల ఉప్మా. పదినిమిషాల్లో అయిపోతుంది. అందులో వేరుశనగ గుళ్ళు, శనగపప్పు ఎర్రగా వేయించి వెయ్యడం నా అలవాటు. పళ్ళెం ఆవిడ ముందు పెట్టి నా గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. మూడోరోజు రాత్రి గిన్నెలు తోముతూంటే చూశాను. పళ్ళెం అంచు చుట్టూ శనగపప్పూ, వేరుశనగ గుళ్ళూ ఒక్కొక్కటే ఏరి, ముగ్గు పెట్టినట్టు వరసగా పెట్టి ఉన్నాయి. అంతకుముందు రెండురోజులూ కూడా ఏరే ఉంటారు. నేను చూడకుండానే తోమేశాను.

ఆ గింజలు కడిగి పారెయ్యడానికి చెయ్యి రాలేదు. చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

అప్పుడు నేను అనుకున్నది ఇది: ‘తీరిక లేక ఆవిణ్ణి సరిగ్గా చూసుకోలేకపోతున్నాను’. ఇప్పుడు ఆలోచిస్తే అదీ అబద్ధమే. ఆ పప్పులు వెయ్యకుండా ఉండడానికి ఎంతసేపు పడుతుంది? అసలు పట్టదు. ఇంకా రెండు నిమిషాలు మిగులుతుంది కూడా! ఆవిడ గురించి ఆలోచించి వండి ఉంటే నా వంట ఇంకా త్వరగా అయ్యేది. లోటు సమయానిది కాదని ఆ పళ్ళెం చెప్పింది. తినే మనిషి నా కళ్ళముందు లేదు. అంతే. పంచభక్ష్య పరమాన్నాలు రోజంతా వండి కూడా తినేవాళ్ళని చూడనివాళ్ళు ఉంటారు. అయిదు నిమిషాల్లో చారు పెట్టి, ‘మిరియాలు ఎక్కువ వేశాను, నీకు జలుబు కదా’ అనేవాళ్ళూ ఉంటారు. నాకు జ్వరమొస్తే ఎవరింట్లో ఉండాలని ఉంటుందో నాకు తెలుసు. మీకూ తెలుసు.

మరి మిగిలిన సమయం ఎవరిది? ఇది ఇంకా చిక్కుప్రశ్న. కుక్కరు మూడు విజిళ్ళ మధ్య నేను రాసుకున్న పేజీలున్నాయి. అది ఇంటినించి దొంగిలించిన సమయమా? చాలాకాలం నాకు అలాగే అనిపించేది. అందుకే ఎవరైనా వస్తే కాగితాలు చాప కింద దాచేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. ఇంట్లో అందరికీ కాస్త కాస్త తమదనే వేళ ఉన్నప్పుడు, వండే మనిషికి మాత్రం ఎందుకుండకూడదు? అది రాసుకోవడమే కానక్కర్లేదు. పడుకోవచ్చు, కిటికీలోంచి వీధి చూడవచ్చు, పిల్ల చెప్పే కబుర్లు ఇటు తిరిగి వినవచ్చు. అయితే ఒక్క షరతు. నావేళ నేను తీసుకునే ముందు, పళ్ళెం అంచు ఒకసారి చూసి రావాలి.

సులువైన వంటకి ఇంకో గుణం ఉంది. దాన్ని ఎవరైనా చెయ్యగలరు. కష్టమైన వంటలు నేనొక్కదాన్నే చెయ్యగలనని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆ గర్వంతోనే వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, ‘మీకు రాదు, తప్పుకోండి’ అని మావారినీ పిల్లల్నీ తరిమాను. తరవాత ఎవరూ సాయం రారని ఏడ్చిందీ నేనే! ఇప్పుడు శనివారం రాత్రి వంట మా అబ్బాయిది. వాడికొచ్చినవి రెండే: నిమ్మకాయ పులిహోర, టమాటా చారు. ఉప్పు తక్కువైతే వాడే ముందుగా, ‘అమ్మా, నీకు బీపీ కదా, అందుకే’ అంటాడు. మాటకారి వెధవ! కానీ ఆ ‘నీకు’ అన్న మాట విన్నాక చారు ఎలా ఉన్నా దిగుతుంది.

మొన్న వదినగారు మళ్ళీ ఫోను చేశారు. అవీ ఇవీ మాట్లాడాక, ఉండబట్టలేక చెప్పేశాను. ‘వదినా, ఆవేళ రెండు గంటలన్నది అబద్ధం. ముప్ఫయి అయిదు నిమిషాల్లో చేశాను.’

‘నాకు తెలుసులేవే. రెండు గంటలు వంట చేసిన చేతికి సిరా మరక ఎలా ఉంటుంది?’ అన్నారావిడ.

ధైర్యం చేసి అత్తగారి పళ్ళెం సంగతి కూడా చెప్పాను. ఆవిడ తల్లే కదా, చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అవతలినించి కొంచెంసేపు మాట లేదు. తరవాత మెల్లిగా, ‘మా ఇంట్లో ఉన్నప్పుడూ ఏరేదే. నేను రోజూ నాలుగు రకాలు చేసి పెట్టేదాన్ని. నేనూ చాలా ఆలస్యంగా చూశాను’ అన్నారు.

ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం. ఆఖరికి ఆవిడే గొంతు సవరించుకుని, ‘అది సరే గానీ, ఆ పచ్చిపులుసులో ఉల్లిపాయలు పోపుకి ముందు వెయ్యాలా, తరవాతా? మా ఆయనకి నోరు చేదుగా ఉందట, పుల్లగా ఏదైనా కావాలంటున్నారు’ అన్నారు.

‘ముందే వెయ్యండి వదినా, బాగా నలిపి వెయ్యండి’ అన్నాను.