కాదనే గుంట

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో ఒక తాత ఉండేవాడు. అంకుడు కర్రను లేతు మీద తిప్పి, తిరుగుతుండగానే దానికి లక్క ఒత్తి, మొగలి ఆకుతో మెరుగు పెట్టడం ఆయన పని. ఏడాదిన్నర మనవరాలు చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటోందని, పసుపు, జాఫ్రా గింజల రంగులతోనే దానికో ఆటవస్తువు చేశాడు. పలకలో ఐదు గుంటలు, వాటిలోకి దిగే ఐదు బిరడాలు. ఒకదాన్ని మించి ఒకటి లావు. ప్రతిదాని నెత్తినా పట్టుకోవడానికి చిన్న బొడిపె. అన్నిటికన్నా సన్నదాన్ని కూడా పిల్ల నోట పట్టనంత లావుగానే తీశాడు.

పిల్ల లావు బిరడా తీసి సన్న గుంట మీద పెట్టింది. దిగలేదు. అదిమింది, బాదింది, ఆఖరికి కాళ్ళు తపతపా కొట్టుకుంటూ ఏడుపు లంకించుకుంది. కోడలు ఉండబట్టలేక దాని చెయ్యి పట్టుకుని పెట్టించబోతే, "ఉండమ్మా" అన్నాడు తాత. కొడుకు మాత్రం ఊరుకోలేదు. రాత్రి అందరూ పడుకున్నాక ఉలి తీసుకుని, గుంటలన్నీ లావు బిరడా పట్టేంత తొలిచేశాడు.

మర్నాడు ఏది ఎక్కడ వేసినా పడింది. ఐదూ టపటపా వేసేసి, పిల్ల వంటింట్లోకి పోయి చెంచాలు లాగింది. మళ్ళీ పలక మొహం చూడలేదు.

"ఏడవకుండా చేస్తే అసలు ఆటే మానేసిందేంటి నాన్నా?"

"గుంట కాదనడం మానేసిందిరా. ఇంక దాంతో పిల్లకేం పని?"

తాత ఇంకో పలక చేశాడు. ఈసారి ఎవరూ చెయ్యి పెట్టలేదు. సన్న బిరడా లావు గుంటలో పడి వదులుగా ఊగింది. ఆఖరున లావుది చోటు లేక చేతిలో మిగిలిపోయింది. పిల్ల దాన్ని చూసింది, పలకను చూసింది. గుప్పిటతో లాగడం మాని, మూడు వేళ్ళతో బొడిపె పట్టుకుని, ఊగుతున్నదాన్ని పైకి తీసింది.

నీతి: పిల్ల తప్పు సంగతి కర్రను చెప్పనివ్వండి.

1939లో మద్రాసు వచ్చి ఏళ్ళ తరబడి మన దేశంలో ఉండిపోయిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి బడి సామాన్లలోనూ ఇలాంటి బిరడాలే ఉంటాయి: నాలుగు దిమ్మెలు, ఒక్కోదానికి పది. ఒకటి తప్పు చోట పెడితే ఆఖరున మరొకటి మిగిలిపోతుంది, లేదా ఎత్తుల తేడా కంటికి కనిపిస్తుంది. టీచరు నోరు విప్పనక్కర్లేదు. బొడిపె పట్టిన ఆ మూడు వేళ్ళే రేపు బలపం పట్టేవి.

అలాగని ఏడుస్తున్న పిల్లను చూస్తూ కూర్చోమని కాదు. ఐదుతో మొదలుపెట్టడం తాతకు కాస్త అత్యాశే. ఆ వయసుకు రెండో మూడో చాలు. మిగతావి అటకెక్కించి, వీటి మీద మోజు తీరాక దించండి.