మిద్దెకు పిట్టగోడ

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 13:4, లూకా 14:28-30, మత్తయి 4:5-7



మనుష్యులు భూమిని విడిచి అంతరిక్షమునకు పోవుటను గూర్చి మన సంఘములలో పలువురు అడుగుచున్నారు. ఆకాశము దేవునిదనియు భూమి నరులదనియు 115వ కీర్తనలో ఉన్నది గదా, అయ్యగారూ, మరి అక్కడికి పోవుట పాపము కాదా అని పెద్దలు అడుగుదురు. పోయినవారు క్షేమముగా తిరిగి రావలెనని మనము ప్రార్థింపవచ్చునా అని స్త్రీల సమాజమువారు అడుగుదురు. నేనును పోవచ్చునా అని ఆదివారపు బడి పిల్లలు అడుగుదురు. ఈ మూడు ప్రశ్నలును మంచివే. వాటికి వాక్యములో జవాబు వెదకుదము.

మోషే ధర్మశాస్త్రములో ఇల్లు కట్టుకొనువానికి ఒక చిన్న ఆజ్ఞ కలదు. క్రొత్తగా ఇల్లు వేసినవాడు మిద్దె చుట్టును పిట్టగోడ పెట్టవలెను. పెట్టనందున ఎవడైనను జారి పడి చచ్చినయెడల ఆ ప్రాణమునకు ఆ యింటివాడే ఉత్తరవాది. ఇశ్రాయేలీయుల ఇండ్లు మన డాబాలవంటివే. పగలు ధాన్యము ఆరబోయుటకును, వేసవి రాత్రులలో పండుకొనుటకును, ప్రార్థన చేసికొనుటకును వారు మిద్దె ఎక్కుచుండిరి. దేవుడు మిద్దె ఎక్కవద్దని చెప్పలేదు. ఎక్కువాడు పడకుండ గోడ పెట్టుమని చెప్పెను. మన ప్రశ్నలకు జవాబు ఈ ఆజ్ఞలోనే ఉన్నదని మేము తలంచుచున్నాము.

1. మిద్దె ఎక్కుట పాపము కాదు

బాబెలు గోపురము కట్టినవారిని దేవుడు చెదరగొట్టెను గదా అని కొందరందురు. నిజమే. అయితే వారి పాపము గోపురము ఎత్తులో లేదు. తమకే పేరు కావలెనని కోరిన హృదయములో ఉన్నది. ఎత్తే పాపమైతే గుడికి గోపురము కట్టినవారందరును పాపులే కావలెను!

1962లో రష్యా దేశపు వ్యోమగామి గెర్మన్ టిటోవ్ అమెరికాలోని సియాటిల్ నగరమునకు వచ్చి, తాను ఆకాశములో తిరిగినప్పుడు దేవుడు గాని దేవదూతలు గాని కనబడలేదని చెప్పెను. ఆయన ఎక్కిన ఎత్తు కొన్ని వందల కిలోమీటర్లు మాత్రమే. మన ఊరినుండి హైదరాబాదునకు ఉన్నంత దూరము పోయి, లోకమంతటిని కలుగజేసినవాడు కనబడలేదనుట ఏపాటి సాక్ష్యము? 1968 డిసెంబరు 24న ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లవెల్, విలియమ్ ఆండర్స్ అను ముగ్గురు చంద్రుని చుట్టు తిరుగుచు ఆదికాండము మొదటి అధ్యాయములోని పది వచనములను లోకమంతయు వినునట్లు చదివిరి. 1969 జూలై 20న ఎడ్విన్ ఆల్డ్రిన్ అను ప్రెస్బిటేరియను సంఘపు పెద్ద, చంద్రునిమీద దిగిన నౌకలో, ఇంకను అడుగు బయట పెట్టకముందే, తన సంఘమునుండి తెచ్చుకొన్న రొట్టెను ద్రాక్షారసమును పుచ్చుకొనెను. ఒకడు పైకి పోయి దేవుని చూడలేదనెను. మరియొకడు అంతకంటె ఎంతో దూరము పోయి ప్రభువు బల్లలో పాలు పొందెను. దూరము ఎవరి హృదయమును మార్చలేదు. ఇక్కడ ప్రభువును ఎరిగినవాడు అక్కడను ఆయనను ఎరుగును. ఆకాశమునకు ఎక్కినను పాతాళమున పండుకొన్నను దేవుని సన్నిధి తప్పదని 139వ కీర్తన బోధించుచున్నది.

2. మిద్దెవలన మేలు కలదా?

ఇందులో మనము నిజము నిజముగా చెప్పుకొనవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది, అంతకంటె ఎక్కువమందియే అనువారును కలరు, ప్రాణములు పోగొట్టుకొనిరి. 2014 అక్టోబరులో విశాఖపట్టణముమీద హుద్‌హుద్ తుఫాను విరుచుకొని పడినప్పుడు మరణములు పదుల సంఖ్యలోనే నిలిచెను. ఉపగ్రహములు తుఫాను దారిని ముందుగా చూపినందునను, అధికారులు ప్రజలను తరలించినందునను ఎన్నో ప్రాణములు దక్కెను. అయితే ఆ ఉపగ్రహములలో మనుష్యుడెవడును లేడు. కాబట్టి ఆ మేలును మనుష్యుల ప్రయాణపు లెక్కలో వేయుట న్యాయము కాదు.

మరి మనుష్యుడే పోవుటవలన కలిగిన మేలేమి? భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో 2000 నవంబరు 2 మొదలుకొని మనుష్యులు ఎడతెగక కాపురముండిరి. ఒకప్పుడు ఒకరిమీద ఒకరు బాంబులు గురిపెట్టుకొన్న దేశములవారు అచ్చట ఒకే బల్లయొద్ద భోజనము చేసిరి. బరువు తెలియని ఆ స్థలములో ఎముకల సారము నెలకు నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు తగ్గును. అందుచేత వారు దినమునకు రెండు గంటలు వ్యాయామము చేయుదురు. వారి శరీరములను పరీక్షించి నేర్చుకొన్న సంగతులు మన వృద్ధుల ఎముకల వ్యాధిని గ్రహించుటకును పనికివచ్చును. వారు విడిచిన చెమటను, ఊపిరిలోని తేమను, మూత్రమును సయితము శుద్ధిచేసి, నూటికి 98 వంతుల నీరు తిరిగి పొందినట్లు 2023లో తెలియజేసిరి. 2025 జూన్ 25న బయలుదేరి జూలై 15న తిరిగి వచ్చిన మన దేశపు శుభాంశు శుక్లా అచ్చట పెసలును మెంతులును మొలకెత్తించి చూచెను. రైతుబిడ్డలైన మీకు ఈ సంగతి ఇంపుగా ఉండును.

ఇంకొక మేలు కలదు. ఆ కేంద్రములో ప్రతి గుక్క నీటికిని ప్రతి ఊపిరికిని యంత్రము కావలెను. అంగారక గ్రహమునకు పోయి కాపురముండవలెనని కోరువారును ఉన్నారు. అక్కడికి పోవుటకే ఆరు మొదలు తొమ్మిది నెలలు పట్టును. అక్కడి గాలి మన గాలి ఒత్తిడిలో నూటికి ఒక వంతైనను లేదు. ఉన్న కొద్దియు ఊపిరికి పనికిరాదు. దారిపొడుగున ఒంటికి హానిచేయు కిరణములు తగులును. జబ్బుచేసినయెడల ఆసుపత్రి లేదు. మాట పంపినయెడల అది భూమికి చేరుటకే కొన్నిమార్లు ఇరువది నిమిషములు పట్టును. ఈ సంగతులు వినినప్పుడు, ఉదయమున లేచి ధరలేకుండ పీల్చుకొను గాలి ఎంత గొప్ప ఈవియో మనకు తెలియును. ఈ భూమిని సేద్యపరచి కాపాడుమని దేవుడు ఆదామునకు అప్పగించెను. పై యింటికి పోవు ఆశతో క్రింది యింటిని పాడుచేయువాడు తెలివిగలవాడు కాడు.

3. పిట్టగోడ లేనప్పుడు

1986 జనవరి 28న ఛాలెంజర్ అను నౌక లేచిన 73 సెకనులకు ఆకాశములోనే విరిగిపోయెను. ఏడుగురు మరణించిరి. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ ఒకరు. కారణమేమి? రాకెట్టు అతుకులో ఉంచిన రబ్బరు వలయము ఆనాటి గడ్డకట్టు చలిలో బిగిసిపోయి, అతుకును మూయలేకపోయెను. ఈ చలిలో పంపవద్దని కొందరు ఇంజనీర్లు ముందటి రాత్రియే వేడుకొనిరి. పైవారు వినలేదు.

2003 జనవరి 16న కొలంబియా అను నౌక లేచినప్పుడు పైనుండి నురుగువంటి పదార్థపు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలెను. దెబ్బ ఎంతటిదో చూచుటకు ఫోటోలు తీయించుడని కొందరు ఇంజనీర్లు కోరిరి. తీయించలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వచ్చుచుండగా రెక్కలోని రంధ్రముగుండ నిప్పువంటి గాలి చొరబడి నౌక ముక్కలాయెను. ఏడుగురు చనిపోయిరి. వారిలో కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా ఉండెను. నాయకుడైన రిక్ హజ్బెండ్ భక్తిగల క్రైస్తవుడు. తాను లేని దినములలో తన యిద్దరు పిల్లలు రోజుకొకటి చొప్పున చూచునట్లు వాక్యధ్యానములను వీడియోలో ఉంచి వెళ్లెను.

ఇక్కడ మనము జాగ్రత్తగా మాటలాడవలెను. ఆకాశమునకు ఎక్కినందున దేవుడు వారిని శిక్షించెనని చెప్పువాడు సిలోయము గోపురమును మరచినవాడు. ఆ గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులని తలంచవద్దని ప్రభువు సెలవిచ్చెను. హజ్బెండ్ విశ్వాసములో లోపము లేదు. లోపము పిట్టగోడలో ఉన్నది. ఆ గోడ పెట్టవలసిన పని నేలమీద ఉన్నవారిది.

అట్లయితే దేవుడే కాపాడును గదా, గోడ ఎందుకు అని అడుగుదురేమో. సాతాను ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి దూకుమన్నప్పుడు సరిగా ఆ మాటయే చెప్పెను. దేవదూతలు పట్టుకొందురనెను. ప్రభువు దూకలేదు. పనిమీద ఎత్తుకు ఎక్కుట వేరు, దేవుని పరీక్షించుటకు దూకుట వేరు. కట్టగలిగిన గోడను కట్టక కాపాడుమని ప్రార్థించుట విశ్వాసము కాదు. అది దేవుని శోధించుటయే.

4. పిట్టగోడ కట్టినవారు

2024 జూన్ 5న సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ అను ఇద్దరు స్టార్‌లైనర్ అను క్రొత్త నౌకలో ఇంచుమించు ఎనిమిది దినముల పనికై బయలుదేరిరి. దారిలో నౌకనుండి హీలియము వాయువు కారెను. దానిని త్రిప్పు చిన్న యంత్రములు కొన్ని పనిచేయలేదు. వారిని అందులో తిరిగి తేవచ్చునా అని చాలదినములు వాదోపవాదములు జరిగెను. చివరకు నౌకను ఉట్టిదిగా దించి, మనుష్యులను అక్కడనే ఉంచిరి. వారు 2025 మార్చి 18న వేరొక నౌకలో భూమికి చేరిరి. ఎనిమిది దినములకు పోయినవారికి 286 దినములాయెను. విల్మోర్ ఒక బాప్టిస్టు సంఘములో పెద్ద. క్రిస్మసు పండుగయు అక్కడనే గడచెను.

ఆ ఉట్టి నౌక సెప్టెంబరులోనే క్షేమముగా దిగెను గదా, ఇంత ఆలస్యము వ్యర్థమే గదా అని కొందరందురు. ప్రియులారా, మీ డాబామీదనుండి ఇంతవరకు ఎవడును పడలేదని పిట్టగోడ పడగొట్టుదురా? ఎవడును పడకుండుటయే దాని ఫలము.

మన దేశపు గగనయాన్ కార్యక్రమములో 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో జరిగినదియు ఇటువంటిదే. మనుష్యులను పంపకముందు, ప్రమాదము కలిగినప్పుడు వారిని రాకెట్టునుండి లాగివేయు సాధనమును పరీక్షించిరి. లెక్క 5 సెకనులకు వచ్చినప్పుడు కంప్యూటరు ఆపివేసెను. వారు తొందరపడక కారణము కనుగొని, సరిచేసి, ఆ ఉదయము 10 గంటలకు పంపిరి. మనుష్యులుండవలసిన గది రాకెట్టునుండి విడిపోయి, పారాషూట్లతో బంగాళాఖాతములో మెల్లగా దిగెను. మనుష్యుని ఎక్కించకముందే గోడ కట్టి చూచుట జ్ఞానుల లక్షణము.

అయినను గోడ ఎక్కువాని కొరకు మాత్రమే కాదు. గోపురము కట్టువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. ఆ ఖర్చులో డబ్బుతోపాటు మనుష్యులును ఉందురు. శ్రీహరికోట దీవిని రాకెట్ల కొరకు తీసికొన్నప్పుడు అచ్చట అడవిని నమ్ముకొని బ్రదుకుచున్న యానాదుల కుటుంబములు తమ స్థలమును విడువవలసివచ్చెను. ఒకరు పైకి పోవుటకు మరియొకరు ఇల్లు విడిచినప్పుడు, విడిచినవారిని జ్ఞాపకము చేసికొనుట దేవుని ప్రజల పని.

5. మన మిద్దెల సంగతి

ఇదంతయు దూరపు మాట అనుకొనవద్దు. మన పల్లెలలో గుడిసెలు పోయి డాబాలు వచ్చుచున్నవి. స్లాబు వేయునాటికి డబ్బు అయిపోవును. పిట్టగోడ వచ్చే యేడు చూచుకొందమని అందరును అనుకొందురు. ఆ మిద్దెమీదనే మిరపకాయలు ఎండబోయుదురు, పిల్లలు గాలిపటము ఎగురవేయుదురు. మిరపకాయల కోతకు ఆరుగురు పట్టు ఆటోలో పదునారుగురు స్త్రీలను ఎక్కించుదురు. బండిగలవాడు మన సంఘపువాడే అయియుండవచ్చును. ముక్కుకు గుడ్డయైన కట్టకుండ పురుగుమందు కొట్టుమని కూలివానికి చెప్పుదురు. వాడుకనీటి మోటారు తీగె తెగి వ్రేలాడుచుండగా రేపు అతికించుదమందురు. గొప్ప దేశపు పెద్దలు రబ్బరు వలయము విషయములో చేసినదానికిని దీనికిని ఏమి భేదము?

వద్దు అన్న ఇంజనీరు మాట ఆ రాత్రి పైవారికి అడ్డుగా తోచెను. మీ ఆటో ఎక్కనని చెప్పిన కూలి స్త్రీ మాటయు మీకు అట్లే తోచును. ఆమెను పనినుండి తీసివేయకుడి. ఆమె మీ ఇంటికి పిట్టగోడ.

పెద్దలారా, అక్కడికి పోవుట పాపము కాదు. గోడ లేకుండ ఒకరిని పంపుట పాపము. సహోదరీలారా, పోయినవారి కొరకు తప్పక ప్రార్థించుడి. వారిని పంపువారికి వినుచెవులు కలుగవలెననియు ప్రార్థించుడి. పిల్లలారా, చీరాలలో పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచువరకు పోయి వచ్చెను. మీరును చదువుకొని పోవచ్చును. పైకి పోవునంతటివారు కాకపోయినను, ఒకని క్రింద పడనియ్యక కాపాడువారు అగుదురు గాక.

ప్రార్థన: ఆకాశమును భూమిని కలుగజేసిన తండ్రీ, ఎత్తున ఉన్నవారిని, లోతున దిగినవారిని, దారిలో ఉన్నవారిని కాపాడుము. మా చేతి క్రింద పనిచేయువారి ప్రాణము నీ దృష్టికి ఎంత విలువైనదో మాకు చూపించుము. రేపు కట్టుదమని మేము విడిచిన గోడలను నేడే కట్టు మనస్సు మాకిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.