చక్రం కన్నా ఆ చెయ్యి

"మా కుందేలు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, పెంటికలూ వెయ్యలేదు. డాక్టర్ రేపే దొరుకుతారు. ఏ స్తోత్రం చదవాలి?" అని అడిగారొకరు.

గజేంద్ర మోక్షం అనగానే మనకి చక్రమే గుర్తొస్తుంది. మొసలి చచ్చాక హరి ఆ ఏనుగుని చేత్తో తాకితే దాని తాపం తీరిందంటాడు పోతన. నాకు ఆ చెయ్యే ఎక్కువ ఇష్టం. చక్రం వెయ్యాల్సింది డాక్టర్‌గారు. అప్పటిదాకా చెయ్యి మనది.

రాత్రి తెరిచుండే ఆసుపత్రి కోసం మాత్రం ఫోన్లు చేస్తూనే ఉండండి. కుందేలు 10-12 గంటలు తినకపోతే ప్రాణం మీదకొస్తుంది. చెవులు చల్లబడితే గోరువెచ్చని నీళ్ల సీసా టవల్లో చుట్టి పక్కన పెట్టండి, వేడి ఎక్కువైతే పక్కకి జరిగే చోటుండాలి. ఎండుగడ్డి, కొత్తిమీర, గిన్నెలో నీళ్లు దానికి అందేలా ఉంచండి. నోట్లో బలవంతంగా ఏదీ పొయ్యొద్దు, తీర్థమైనా సరే. మన మాత్రలు అసలొద్దు. అగరుబత్తి, గంట, స్పీకర్లో స్తోత్రం ఈ రాత్రికి ఆపేయండి. వేటకి భయపడి బతికే జీవి కదా, చప్పుడే దానికి మొసలి. ఎత్తుకోకుండా పక్కన నేల మీద కూర్చుని నుదురు మెల్లగా నిమరండి. నామం మనసులో అనుకుంటే చాలు. పెంటికలు పడితే టైం రాసిపెట్టుకోండి, పొద్దున డాక్టర్ అడుగుతారు.