అణువంత వాటా

ఒక్కడు చేసిన తప్పునకు కర్తను గుర్తించుట సులభము. కోట్లాది జనులు తలా కొంచెము చేసిన తప్పు ఎవరిది? 'అందరిది' అని మనము సులభముగా అందుము. ఆ మాటకు 'నాది కాదు' అనియే అర్థమగుట తరచు జరుగుచుండును.

హవాయి దీవులలో మౌనా లోవా అను అగ్నిపర్వతము కలదు. దాని వాలుపై, సముద్రమట్టమునకు సుమారు 3,400 మీటర్ల ఎత్తున, ఒక పరిశోధనశాల ఉన్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞుడు చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చి నుండి అచ్చటి గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలిపించెను. అప్పుడది పది లక్షల పాళ్ల గాలిలో 313 పాళ్లు. ఉత్తరార్ధగోళమున చెట్లు పచ్చగా పెరుగు వేసవిలో అది తగ్గును. ఆకులు రాలి కుళ్లు కాలమున పెరుగును. భూమి ఊపిరి తీయుచున్నదా అనిపించును ఆ గీతను చూచినచో! కాని ఏటేటా ఆ గీత పైపైకి జరుగుచుండెను. మానవులు కాల్చు బొగ్గు, చమురు, నరుకు అడవులు అందుకు కారణము.

ఏండ్ల తరబడి అదే కొలత కొలుచుట పరిశోధన యెట్లగునని ఆక్షేపించినవారును ఉండిరి. 1964లో ధనము చాలక కొన్ని నెలలు కొలత ఆగెను. అయినను కీలింగ్ 2005లో మరణించువరకు ఆ పని విడువలేదు. తరువాత కుమారుడు రాల్ఫ్ దానిని చేపట్టెను.

ఆ కొండను ఎన్నుకొనుటలోనే ఒక విశేషమున్నది. సమీపమున ఏ ఊరి పొగయు లేదు. కనుకనే లోకమందలి పొగ యంతయు కలిసిన లెక్క అచ్చట దొరికెను. అందులో నా వాటా వేరుగా కనబడదు. కనబడనంత మాత్రమున లేకపోవునా?

హుండీలో రూపాయి వేయు భక్తుడు, కోట్ల నడుమ నా రూపాయి యెంత యని చేయి వెనుకకు తీయడు. పుణ్యమున అణువంత వాటాను గట్టిగా నమ్ముదుము. దోషము వద్దకు వచ్చుసరికి అదే అణువును లెక్కలోనికి రాదందుము. ఇది యే న్యాయము?

అట్లని అందరి దోషము సమానమనరాదు. పిడకలతో అన్నము వండుకొను తల్లిని, వేడుకకై విమానమెక్కు ధనికుని ఒకే త్రాసున తూచుట అధర్మమే. ఇంకొక చిక్కు కూడ కలదు. ఈ వాయువులో కొంత భాగము వందల యేండ్లు గాలిలోనే నిలుచును. అప్పు చేయువారము మనము. తీర్చవలసినవారు ఇంకను పుట్టలేదు, వారి సమ్మతిని మనము అడుగనూ లేదు.

2013 మే నెలలో ఆ కొండమీది కొలత తొలిసారి 400ను తాకెను. 2024 సంవత్సరపు సగటు 424కు పైగా.