కంటికి కనబడని పొగ

ధ్యాన భాగము: యెహెజ్కేలు 34:17–19



తాము తేటనీరు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో బురదచేసిన గొఱ్ఱెలనుగూర్చి యెహెజ్కేలు ప్రవక్త చెప్పెను. ఆ మాట మన ఇస్నాపూరు ప్రాంతమువారికి చక్కగా అర్థమగును. పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలసిన తరువాత, మంజీరలో కలియు నక్కవాగు నీరు చెడెను. దానిని నమ్ముకొన్న పొలములును చెడెను. ఆ చెరుపు కంటికి కనబడెను గనుక జనులు మొరపెట్టిరి; 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయెను.

అయితే కంటికి కనబడని చెరుపు ఇంకొకటి గలదు. బొగ్గు, డీజిలు, పెట్రోలు మండినప్పుడెల్ల బొగ్గుపులుసు వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది దుప్పటివలె భూమిని కప్పి, పైకి పోవలసిన వేడిమిని పట్టియుంచును. యంత్రములు రాకమునుపు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఈ వాయువు నేడు 420 దాటినది. 2024వ సంవత్సరము, లెక్క వ్రాయ మొదలుపెట్టిన నాటినుండి ఆ యేటివరకు వచ్చినవాటన్నిటిలో మిక్కిలి వేడిగలది.

2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రములలో రెండువేలమందికి పైగా చనిపోయిరి. ఆ యెండకు ఇదొక్కటే కారణమని చెప్పరాదు. కాని భూమి వేడెక్కినకొలది అట్టి యెండలు తరచగుననుట నిశ్చయము. ఎండదెబ్బ ముందుగా ఎవరికి తగులును? బయట పనిచేయు కూలివానికి, రేకుల యింటిలోని ముసలవ్వకు. వారు కాల్చిన బొగ్గు ఎంత?

“అయ్యా, కంపెనీ కూలితోనే మా పొయ్యి వెలుగుచున్నది గదా, మేమేమి చెప్పగలము?” అని ఒకరు అడుగవచ్చును. కష్టించి తినుట పాపము కాదు. దేవుడు ఆ గొఱ్ఱెలు నీరు త్రాగినందుకు గద్దింపలేదు. తరువాత వచ్చువాటి పాలు చెరిపినందుకే గద్దించెను. ఎక్కువ త్రాగినవారు ఎక్కువ లెక్క చెప్పవలెను. ధనిక దేశములును గొప్ప యజమానులును అందులో ముందున్నారు. అయినను మనది కొంచెమేయని మనము తప్పించుకొనరాదు. వృథాగా వెలుగు దీపము ఆర్పుడి. చెట్టు నాటి, అది నిలుచువరకు నీరు పోయుడి. ఎండకాలమున పొరుగువానికి నీడయు కుండనీళ్లును ఇయ్యుడి. నలుగురు కూడినచోట నిజము పలుకుడి.

కంపు కొట్టిన తరువాతనే మేలుకొను మనస్సాక్షి ఆలస్యముగా మేలుకొనును. మన వెనుక త్రాగవలసినవారు మన బిడ్డలే గదా! ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.