రంగు క్రింది త్రుప్పు

కోనసీమలో ఇనుమునకు ఆయువు తక్కువ. దక్షిణమున సముద్రము, ఇరుప్రక్కల గోదావరి పాయలు, నడుమ తడి ఆరని కొబ్బరితోటలు. ఉప్పుగాలి కిటికీ చువ్వలను, గుమ్మపు గొళ్ళెములను, సైకిలు మడ్‌గార్డులను మెల్లగా తినివేయుచుండుట ఇచ్చటివారెల్లరు ఎఱిగినదే. అట్టి చోట, మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున, తండ్రి కొనిన అంబాసిడరు కారును కుమారుడు కొట్టములో భద్రపఱచి, ఇంట శుభకార్యము దగ్గఱపడినందున దానికి మరల రంగు వేయింపదలచెననుకొందము. ఆ కార్లు ఇప్పుడు తయారగుట లేదు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారమున 2014 మే నెలలో వాని ఉత్పత్తి నిలిచిపోయినది. చెడిన దానిని పాఱవేసి క్రొత్తదానిని కొనుటకు వీలులేదు. ఉన్నదానినే నిలుపుకొనవలెను.

తలుపుల అడుగున, చక్రముల పైకమానులలో, బురద చేరు మూలలయందు రంగు బొబ్బలెత్తి ఉండును. గోటితో గీచిన ఎఱ్ఱని పొడి రాలును. ఇచ్చట యజమాని ఎదుట రెండు మార్గములు నిలుచును. పైపైన ఉప్పుకాగితముతో రుద్ది, గుంటలలో లప్పము నింపి, రంగు కొట్టించుట సులభము. శుభకార్యము నాటికి కారు అద్దమువలె మెఱయును. త్రుప్పును మొదలంట తీయించుట శ్రమ. దినములు పట్టును, వ్యయమగును, పని ముగియువఱకు కారు చూచుటకు అసహ్యముగా ఉండును.

మొదటి మార్గము ఏల నిలువదో తెలిసికొనుట అవసరము. ఇనుము, ప్రాణవాయువు, నీరు కలిసిన త్రుప్పు పుట్టును. ఉప్పు ఆ పనిని వేగిరపఱచును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావుననే పైనున్న రంగును లోపలినుండి ఎత్తి పగులగొట్టును. అది గుల్లగా నుండుటచే తేమను పీల్చి దాచుకొనును. దానిని రంగుతో కప్పుట రోగిని గదిలో పెట్టి తలుపు మూయుట వంటిది.

కారు తనదే, డబ్బు తనదే. ఇందు దోషమేమని యజమాని అడుగవచ్చును. దోషము పనివానితో మొదలగును. లోపల త్రుప్పు ఉన్నదని తెలిసియు, యజమాని కోరెనుగదా యని రంగు కొట్టి కూలి తీసికొనినవాని శ్రమ కాయకమగునా? బసవేశ్వరుని బోధలో కాయకమనగా కేవలము చెమటోడ్చుట కాదు. సత్యముతో కూడిన శ్రమయే దాసోహమునకు అర్హమగు ధనమును ఇచ్చును. శరణుల బట్టలుదికిన మడివాలు మాచయ్య మఱకను మడతలో దాచి ఇచ్చి యుండినచో అతని పేరు నేడు ఎవరు తలతురు? తరువాత దోషము కొనుగోలుదారుని చేరును. పాత కార్లు కొను అనుభవజ్ఞులు చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి కారు ఒంటిమీద నడిపింతురు. రేకు ఉన్నచోట అది పట్టుకొనును; మందముగా లప్పము ఉన్నచోట జాఱిపోవును. ఆ జాఱుచోట యజమాని ముఖము చూడవలెను!

దాచిన త్రుప్పు ఎంతవఱకు పోవునో ఈ నగరము గ్రామమునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున ఇచ్చట గెయిల్ సంస్థవారి సహజవాయువు గొట్టము పగిలి, మంటలు ఇండ్లను, తోటలను చుట్టుకొనినవి. 20 మందికి పైగా మరణించిరి. ఆ గొట్టము పొడి వాయువు కొఱకు ఏర్పఱచినది. దానిలో తేమతో కూడిన వాయువు ప్రవహించుటచే లోపల చేరిన నీరు లోహమును తినివేసినదని విచారణలో తేలినది. అంతకుముందే వాయువు వాసన వచ్చుచుండెనని గ్రామస్థులు చెప్పిరని నాటి పత్రికలు వ్రాసినవి. కారు రేకునకు, ఆ గొట్టమునకు పరిమాణములో సామ్యము లేదు. కాని వాసన వచ్చినప్పుడు, బొబ్బ కనబడినప్పుడు, ‘ఇప్పటికి పోనిమ్ము’ అను మాట రెండుచోట్ల ఒక్కటియే.

శైవసిద్ధాంత గ్రంథములు ఆణవమలమును రాగికి పట్టు చిలుముతోను, వడ్లగింజ మీది పొట్టుతోను పోల్చినవి. ఆ పోలికలో ఒక సూక్ష్మమున్నది. బట్టకు అంటిన బురద వేఱు, బట్ట వేఱు. ఉదికిన బట్ట తఱుగదు. త్రుప్పు అట్టిది కాదు. అది ఇనుమునుండి పుట్టినదే. కావున దానిని తీయునపుడు కొంత ఇనుమును కోల్పోక తప్పదు. తన అసత్యమును ఒప్పుకొనినవాడు ఏమియు నష్టపోక బయటపడవలెనని ఆశించుట వ్యర్థము. కొంత పరువు, కొంత ధనము, ఒక్కొక్కప్పుడు చిరకాల స్నేహము ఆ పొడితోపాటు రాలిపోవును.

పని తెలిసినవాడు మొదట జిడ్డు కడుగును. పిమ్మట కనబడిన మచ్చతో ఆగక, చుట్టునున్న మంచి రంగును సైతము కొంత తీసి, మెఱయు లోహము నలువైపుల కనబడువఱకు గీచును. త్రుప్పు రంగు క్రింద ప్రాకుచు ఎచ్చట ఆగెనో పైనుండి తెలియదు. ముతక ఉప్పుకాగితము ముందు, సన్ననిది తరువాత. సన్నని గుంటలలో మిగిలినదానికి ఫాస్ఫారికామ్లము పూసి, ఉత్పత్తిదారు చెప్పినట్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టును. కాని గీచుటకును హద్దు కలదు. యంత్రముతో కసిగా రుద్దినచో రేకు వేడెక్కి వంగును, పలుచనై చిల్లు పడును. బిడ్డల తప్పులను దిద్దు తండ్రులు ఈ హద్దును ఎక్కువగా మఱతురు. రేకు నిజముగా చిల్లు పడినచోట మాత్రము రుద్దుట కాదు, కోసి క్రొత్తముక్క అతుకుటయే గతి. అది వేఱు పని.

ఇక రంగు. మన యువకులలో కొందఱు, లోపల శుద్ధి ఉన్న చాలును, విభూతి ఏల, లింగధారణ ఏల యని అడుగుచుందురు. వారి ప్రశ్నను కోపముతో త్రోసివేయరాదు. త్రుప్పు మీది రంగువంటి విభూతిని వారు చూచియే ఉందురు. అట్టివారిని మనమందఱమును చూచినాము. ఉత్సవమునకు రథమునకు రంగు వేయించి, లెక్కల పుస్తకమును మాత్రము తెఱవని మఠములు ఉన్నచో వానికిని ఇది వర్తించును. అయినను యువకుల నిర్ణయము సరికాదు. బసవేశ్వరుడు ఆడంబరమును ఖండించెను గాని ఇష్టలింగమును ఒంటినుండి తీయుమనలేదు. ఆంతరంగిక శుద్ధిని, బహిరంగ శుద్ధిని ఒకే నడవడిలో చూపెను.

అప్పుడే గీచిన లోహమును చూచినచో కారణము తెలియును. అది కారు మొత్తములో మిక్కిలి శుభ్రమైన చోటు; మిక్కిలి బలహీనమైన చోటును అదియే. పాత రంగు ఎంత చెడినను కొంత అడ్డుగా నిలిచినది. ఇప్పుడు ఏ అడ్డును లేదు. కోనసీమ గాలిలో ఒక్క రాత్రి విడిచినచో తెల్లవాఱునప్పటికి దానిమీద పసుపుపచ్చని పొర తేలును, పగటి శ్రమ అంతయు వ్యర్థమగును. చెడు అలవాటును నిన్న విడిచినవానికి నేటి ఉదయపు లింగపూజ ఏల అవసరమో, పదియేండ్లుగా నిష్ఠతో నున్నవానికంటె అతనికే ఏల ఎక్కువ అవసరమో ఆ పొర చెప్పును. అందుచే మంచి పనివాడు సాయంకాలమునకు ఎంత ప్రైమరు పూయగలడో అంత మేరయే ఉదయము గీచును. మిగిలినదానిని మఱునాటికి ఉంచును. ప్రొద్దు వాలకముందే, తోటలో మంచు దిగకముందే, గీచిన చోటినంతయు మెత్తని గుడ్డతో తుడిచి, చేతి చెమట తగులనీయక, మొదటి పూత పూయును.